జెల్ మీద రెండో గీత

మొన్న బజారు నుంచి కూరగాయల సంచీతో మెట్లెక్కుతుండగా ఫోను మోగి ఆగింది. లోపలికి వచ్చి కళ్ళద్దాలు పెట్టుకుని చూస్తే చెల్లెలి కూతురు పూణే నుంచి ఒక ఫోటో పంపింది. వేలెడు పొడవున్న ప్లాస్టిక్ గొట్టం, అందులో సగం దాకా తడిగా గులాబీ రంగు గింజలు. దాని కింద, "పెద్దమ్మా, ఇయ్యాల ఫస్ట్ టైమ్ నా చేతులతోటి ప్రోటీన్ తీసిన. అందరి కాలమ్‌లు నీలంగ ఉన్నయి, మాదొక్కటే గులాబీ. ఎందుకో చెప్పు చూద్దాం" అని రాసింది. ఎందుకో నాకు తెలుసు. అయినా ఆ ఒక్కమాట జవాబు రాయడానికి నాకు సాయంత్రం దాకా పట్టింది. ఈ వయసులో మనకు చాలా ప్రశ్నల విషయంలో ఇలాగే అవుతుందని, నా ఈడు వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. జవాబు నాలుక చివరే ఉంటుంది, దాని వెనక నిలబడ్డ మనుషుల్ని దాటుకుని బయటికి రావడానికే వేళ పడుతుంది.

మాది కరీంనగర్ వైపు పల్లె. సొంత భూమి లేదు. నాకు మూడేళ్ళప్పుడు నాన్న మమ్మల్ని భివండికి తీసుకొచ్చి శాంతి నగర్లో సాంచాల పనిలో చేరాడు. మరమగ్గాలను మేము సాంచాలనే అంటాం. మా ఖోలీ, అంటే ఒంటిగది ఇల్లు, సాంచాల షెడ్డు వెనక గోడకు ఆనుకుని ఉండేది కాబట్టి గూట్లో పెట్టిన స్టీలు గ్లాసులు పగలంతా సన్నగా వణుకుతూ ఉండేవి. చెల్లె ఇక్కడే పుట్టింది. అమ్మ గుమ్మం దగ్గర కూర్చుని నూలు కండెలు చుట్టేది. ఆమె కూర్చుని చేసే పని మాత్రమే చేయగలిగేది, ఎందుకంటే ఊరు విడవక ముందే ఆమె ఎడమ కాలికి బోదకాలు వచ్చింది. మోకాలి కింద నుంచి కాలు స్తంభంలా లావెక్కి, పాదం మీద చర్మం ముడతలు పడి గట్టిబడింది. అది కనపడకుండా అమ్మ చీర కుచ్చిళ్ళు నేలకు రాసుకునేలా కట్టేది. ఆదివారం చర్చికి అందరికంటే ముందు వెళ్ళి తలుపు పక్క చివరి బల్ల మీద కూర్చునేది, అందరూ వెళ్ళిపోయాక లేచేది. నడుస్తుండగా ఆమెను చూసినవాళ్ళు మా సంఘంలో చాలా తక్కువ మంది.

ఆ కాలును రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ సందుల్లో తడి లేకుండా మెత్తటి బట్టతో ఒత్తితే జ్వరాలు తక్కువ వస్తాయని ప్రభుత్వ ఆస్పత్రి నర్సమ్మ ఎప్పుడో చెప్పింది. అమ్మ తనంతట తాను వంగి పాదం అందుకోలేదు. ఆ పని చెల్లె చేసేది. ఎనిమిదేళ్ళ పిల్లగా ఉన్నప్పటి నుంచీ ప్రతి సాయంత్రం తొట్టి ముందు కూర్చుని, చర్చిలో నేర్చుకున్న పాటలు కూనిరాగం తీస్తూ, తన బొమ్మకు స్నానం చేయించినంత తేలికగా కడిగేది. పెద్దదాన్ని నేనైనా ఆ పని దానికే ఎందుకు పోయిందంటే, ఇప్పుడు దాచి ప్రయోజనం లేదు, నాకు ఆ కాలును ముట్టుకోవాలంటే ఒళ్ళు వెనక్కి లాగేది. నాకు చదువు ఉంది, పరీక్షలు ఉన్నాయి అనే సాకులు చాలా ఉండేవి. అమ్మ ఒక్కసారి కూడా అడగలేదు. నేను తప్పించుకుంటున్నానని ఆమెకు తెలుసని నాకూ తెలుసు.

కెమిస్ట్రీతో బీఎస్సీ పూర్తవగానే నాకు ఠాణా ఊళ్ళో ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం దొరికింది. రక్తపరీక్షలకు పనికొచ్చే ప్రోటీన్లు తయారుచేసే కంపెనీ అది. పొద్దున్నే బస్సెక్కితే కాల్హేర్ మీదుగా, ఖాడీ అనే సముద్రపు పాయ మీది వంతెన దాటి ఠాణా చేరేదాన్ని. అప్పుడు కాల్హేర్ ఇంకా ఊరే, రోడ్డుకు రెండు వైపులా వరిమళ్ళు, వానాకాలంలో కిటికీలోంచి పచ్చటి వాసన వచ్చేది. నా సంచీలో టిఫిన్ డబ్బాతో పాటు ఒక ఉన్ని స్వెట్టరు ఉండేది, మండే మే నెలలో కూడా. ప్రోటీన్లు వేడికి చెడిపోతాయి కాబట్టి మేము పనిచేసేది చలిగదిలో, అది ఎప్పుడూ ఫ్రిజ్ లోపలంత చల్లగా ఉండేది. ఆ స్వెట్టరు చూసి మా ఖోలీల్లోని ఆడవాళ్ళు, పాపం పిల్లకు ఎక్కువ చదువు పడలేదేమో అని అమ్మతో అన్నారట.

ఆ చలిగదిలో నాకు పని నేర్పినావిడను మేమంతా తాయి అని పిలిచేవాళ్ళం. మరాఠీలో అక్క అని అర్థం. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. సన్నగా, పొట్టిగా ఉండేది, చలిగదిలో తలకు మఫ్లరు చుట్టుకుని కూర్చుంటే రైల్వే గేటు దగ్గర కాపలావాడిలా కనిపించేది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగే చనువు నాకు వచ్చేసరికి అడగాలన్న ఆసక్తి పోయింది. ఆమె మాట్లాడేది మరాఠీ కలిసిన హిందీ, నేను మాట్లాడేది తెలుగు కలిసిన హిందీ. అయినా ఆ రోజుల్లో నన్ను ఆమె అర్థం చేసుకున్నంతగా ఇంకెవరూ అర్థం చేసుకోలేదు.

మా పని పేరుకు గంభీరమే గాని చెప్పుకుంటే తేలిక. మనకు కావలసిన ప్రోటీన్‌ను బ్యాక్టీరియా చేత చేయిస్తాం. తర్వాత ఆ బ్యాక్టీరియాను పగలగొడితే, మన ప్రోటీన్‌తో పాటు దాని సొంత ప్రోటీన్లు వేలకొద్దీ కలిసిపోయి మురికి గంజిలా ఒక ద్రవం వస్తుంది. అందులోంచి మనదాన్ని ఒక్కదాన్నే ఏరుకోవాలి. అందుకోసం మన ప్రోటీన్‌కు ముందే ఒక చిన్న తోక తగిలిస్తారు, హిస్టిడిన్ అనే పదార్థం ఆరుసార్లు వరసగా వచ్చే తోక. గొట్టంలో నింపిన మెత్తటి గింజల మీద నికెల్ లోహం అంటించి ఉంటుంది, అందుకే అవి నీలంగా కనిపిస్తాయి. హిస్టిడిన్‌కు నికెల్ అంటే పట్టు. గంజిని పైనుంచి పోస్తే తోక ఉన్నది నికెల్‌ను పట్టుకుని ఆగిపోతుంది, లేనివి జారి కిందికి పోతాయి. ఆ తర్వాత ఇమిడజోల్ అనే మందు కలిపిన నీళ్ళు పోస్తాం. దాని ఆకారం హిస్టిడిన్ చేతివేళ్ళలాగే ఉంటుంది కాబట్టి అది వచ్చి నికెల్‌ను తాను పట్టుకుంటుంది, మన ప్రోటీన్ పట్టు వదిలి చుక్కచుక్కగా కిందికి దిగుతుంది. తాయి నాకు మొదటి రోజు దీన్ని లోకల్ రైల్లో ఆడవాళ్ళ పెట్టెతో పోల్చి చెప్పింది. పైకడ్డీని ఒంటిచేత్తో పట్టుకున్నవాళ్ళు ఒక్క కుదుపుకే తూలిపోతారు, ఆరు చేతులుంటే కదలరు, కానీ తర్వాతి స్టేషన్లో గుంపు ఎక్కి ప్రతి కడ్డీ మీదా చెయ్యి వేస్తే ఆరు చేతులవాళ్ళు కూడా దిగిపోవాల్సిందే. నేను నవ్వాను. ఆ రోజు నుంచి నాకు ఆ పని మరిచిపోవడం సాధ్యం కాలేదు.

చుక్కలు దిగడానికి రెండు గంటలు పట్టేది. ఆ రెండు గంటలూ మఫ్లరు, స్వెట్టరూ చుట్టుకుని పక్కపక్కన కూర్చుని, ఒక్కో చిన్న సీసా నిండగానే ఇంకోటి పెడుతూ మాట్లాడుకునేవాళ్ళం. ఆమె కొంకణ్‌లో మామిడి తోటల మధ్య పెరిగిన ఇంటి గురించి చెప్పేది, నేను మా సాంచాల గురించి. అమ్మ గురించి మాత్రం చెప్పలేదు.

చివర్లో ఆ సీసాల్లోది కొద్దిగా తీసి జెల్ అనే పలచటి జిగురు పలక మీద నడిపించి రంగు వేస్తే, అందులో ఏ ప్రోటీన్లు ఉన్నాయో నీలి గీతలుగా కనిపిస్తాయి. మాది లావుపాటి గీత. దాని కింద ప్రతిసారీ వెంట్రుకంత సన్నని ఇంకో గీత. అదేమిటని అడిగితే, అంత మురికి అందరి దగ్గరా ఉంటుంది, పట్టించుకోకు అంది తాయి. పట్టించుకోలేదు గాని, నోటు పుస్తకంలో జెల్ బొమ్మ గీసినప్పుడల్లా ఆ సన్న గీతను కూడా గీసేదాన్ని. ఉన్నదాన్ని గీయకపోతే ఏదో అబద్ధం చెప్పినట్టు ఉండేది.

మూడో ఏడు మాకు వచ్చిన పని బోదకాలు పురుగుది. ఆ పురుగు ప్రోటీన్ ఒకటి శుభ్రంగా తీసి చిన్న గుంటల పలక అడుగున పూస్తే, పురుగు సోకిన మనిషి రక్తం దాన్ని గుర్తుపడుతుంది, గుంట పసుపు రంగుకు తిరుగుతుంది. కాలు వాచకముందే రోగం తెలిసిపోతుంది. ఇది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటానికి రోగం ఉన్నవాళ్ళ రక్తం, లేనివాళ్ళ రక్తం కావాలని తాయి అక్కడా ఇక్కడా వాకబు చేయసాగింది. రెండు రోజులు నేను తల వంచుకుని సీసాలు కడిగాను. మూడో రోజు చలిగదిలో, ఆమె ముఖం చూడకుండా, మా అమ్మకు ఉంది అన్నాను. తాయి నా స్వెట్టరు బొత్తాం ఊడి వేలాడుతుంటే దాన్ని సరిచేసి, అమ్మను అడిగి చెప్పు, ఆమె ఒప్పుకుంటేనే వస్తాను అంది.

అమ్మ ఒప్పుకుంది. నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. పరాయి మనిషికి గోటంత పాదం చూపించని అమ్మ, రక్తం తీసే మనిషిని వెంటబెట్టుకుని వచ్చిన తాయి నేల మీద తన ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చోగానే, కుచ్చిళ్ళు పైకి జరిపి కాలు ముందుకు చాపింది. తాయి బొటనవేలితో మెల్లగా నొక్కి చూసింది. ఎన్నేళ్ళయింది, జ్వరం ఎన్నాళ్ళకొకసారి వస్తుంది, ఎవరు కడుగుతారు అని అడిగింది. చివరి ప్రశ్నకు అమ్మ చెల్లె వైపు చూపించింది. నేను చాయ్ పెట్టడానికి లేచాను. చుట్టుపక్కల ఖోలీల నుంచి కూడా జనం వచ్చి చేతులు చాపారు. అందరూ అయ్యాక చెల్లె నా వైపు చూసి తన చెయ్యి చాపింది.

"నాది గూడ తియ్యి అక్కా. మంచోళ్ళది గూడ కావాలంటివి గద."

రక్తం సీసాల మీద పేర్లు ఉండకూడదు, నంబర్లే ఉండాలి, ఎవరిది ఏదో ఎవరికీ చెప్పకూడదు. అది నియమం. కానీ అంటించింది నేను. చెల్లెది ముప్పై నాలుగో నంబరని నాకు తెలుసు. పదిరోజుల తర్వాత పలక మీద అమ్మ గుంట పసుపయింది, అది ఎదురుచూసిందే. ముప్పై నాలుగు కూడా పసుపయింది.

ఆ రోజు బస్సులో నేను కిటికీ పక్క కూర్చుని ఏమి చూశానో నాకు గుర్తులేదు. ఇంటికి వచ్చి చెప్పేశాను. చెప్పకూడదని తెలుసు, అయినా ఇంకొన్నాళ్ళు ఆగి కాలు వాచాక చెబితే ఏం లాభం అనుకున్నాను. అమ్మ చేతిలో కండె ఆగిపోయింది.

"నా కాలు కడిగినందుకే అచ్చింది దానికి."

"ముట్టుకుంటే రాదమ్మా. దోమతోటి వస్తది. డాక్టర్లు గూడ గదే చెప్తరు."

అమ్మ కండె కింద పెట్టింది. ఆమె గొంతులో కోపం లేదు, అందుకే ఆ మాట నాకు ఈనాటికీ గుచ్చుకుంటుంది.

"నువ్వు ముట్టుకోలే, నీకు రాలే. అది ముట్టుకున్నది, దానికచ్చింది. నాకు ఇంకేం చెప్తవు బిడ్డా?"

ఆ సాయంత్రం నుంచి అమ్మ తన కంచం, గ్లాసు వేరు పెట్టుకుంది. చాప గుమ్మం పక్కకు జరుపుకుంది. చెల్లె తొట్టి తెస్తే కాలు చీరలోకి లాక్కుని, దూరం పో అనేది. తనంతట తాను కర్రకు గుడ్డ చుట్టి కడుక్కోవడానికి ప్రయత్నించింది గాని వేళ్ళ సందులు ఎట్లా అందుతాయి. పదిహేను రోజుల్లో సందు చిట్లి, చీము పట్టి, ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చింది. నాన్న పని మానుకుని ఆస్పత్రికి ఎత్తుకెళ్ళాడు. చెల్లెకేమో అప్పటికే ఒక మిషన్ ఆస్పత్రిలో నర్సు చదువుకు సీటు వచ్చి ఉంది. అది పెట్టెలో సర్దుకున్న బట్టలు తీసి మళ్ళీ తాడు మీద వేసింది. నేను అడిగితే, "రేపు కాలు వాస్తే గా పని చేయనిస్తరా అక్కా? ఉండనియ్యి" అంది, ఎవరిదో సంగతి చెబుతున్నట్టు. అది పాట పాడటం మానేసిందని ఆదివారం చర్చిలో గాని నేను గమనించలేదు.

అదే వారంలో మా కంపెనీ పెద్దసారు అందరినీ కూర్చోబెట్టి, పరీక్ష బాగుంది, పెట్టెల మీద అంటించే చీటీలు కూడా అచ్చయ్యాయి, ఇక పంపించేద్దాం అన్నాడు. తాయి ఒక్కటే సంకోచించింది. రోగం లేదనుకున్నవాళ్ళ రక్తంలో కూడా సగానికి పైగా పసుపు వస్తోందని చెప్పింది. ఆ బస్తీలో వాళ్ళంతా రోగాలున్న ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళే, అందులో వింతేముంది అన్నాడు పెద్దసారు. ఆయన దుర్మార్గుడు కాదు, తొందరలో ఉన్న మనిషి, అంతే. నేను అప్పటిదాకా ఆ గదిలో నోరు విప్పింది లేదు. ముప్పై నాలుగో నంబరు మనిషి భివండిలోనే పుట్టింది, ఇంతవరకు ఊరి ముఖం చూడలేదు సార్ అన్నాను. అన్నాక గాని నేనేం బయటపెట్టుకున్నానో నాకు తట్టలేదు.

తాయి నన్ను చలిగదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది. ఇంట్లో చెప్పావా అని అడిగింది. తల ఊపాను. అమ్మ వేరుపెట్టుకున్న కంచం గురించి, చిట్లిన కాలు గురించి, తాడు మీది బట్టల గురించి అన్నీ చెప్పాను, అమ్మ నాతో అన్న మాట తప్ప. ఆమె తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది. చెప్పడం తప్పు, కానీ అంతకంటే ముందు, చెప్పదగినంతగా మనకు తెలుసా అని మాత్రం అంది. అప్పుడు నేను నా నోటు పుస్తకం తెచ్చి ఒక్కో పేజీ తిప్పాను. మూడేళ్ళ జెల్ బొమ్మలు. ప్రతి దాంట్లో లావు గీత కింద సన్న గీత. ఆమె చాలాసేపు చూసి, మఫ్లరు తీసి బల్ల మీద పెట్టి, రక్తం తీసే అమ్మాయిని పిలిపించి తన చెయ్యి చాపింది.

మర్నాడు తాయి గుంట పసుపయింది. ఎదురుగా చాయ్ బండి ఆయన రక్తం, పెద్దసారు డ్రైవరు రక్తం కూడా అడిగి తీసుకున్నాం, అవీ పసుపే. తాయి పలకను వెలుతురులో పట్టుకుని, అయితే మా కొంకణ్ మామిడి తోటలో నాకూ బోదకాలు వచ్చిందన్నమాట అని మెల్లగా అంది.

సంగతి ఏమిటంటే, ఆ సన్న గీత పురుగుది కాదు, బ్యాక్టీరియా సొంత ప్రోటీన్. మేము దానికి ఏ తోకా తగిలించలేదు. కానీ దాని ఒంటి మీద పుట్టుకతోనే హిస్టిడిన్లు గుంపుగా ఉన్నాయి, అవి చాలు నికెల్‌ను పట్టుకోవడానికి. తోక ఉన్నదానితో పాటు అదీ ఆగి, దానితో పాటే దిగి, మా సీసాల్లోకి వచ్చి కూర్చుంది. అటువంటి బ్యాక్టీరియా ప్రతి మనిషి పేగుల్లోనూ ఉంటుంది కాబట్టి రక్తానికి దానితో ఎప్పటినుంచో పరిచయం. రక్తం గుర్తుపట్టింది పురుగును కాదు, ఆ పాత చుట్టాన్ని. ఇది ఊహ మాత్రమే కాదని తేల్చడానికి తాయి ఒక ఉపాయం చేసింది. మామూలు బ్యాక్టీరియా గంజిలో రక్తపు తేటను ముందుగా కలిపి ఉంచితే, బ్యాక్టీరియాను గుర్తుపట్టేదంతా అక్కడే చిక్కుకుని ఖర్చయిపోతుంది, పురుగును గుర్తుపట్టేది మిగిలితే అది మాత్రమే గుంటలో రంగు చూపిస్తుంది. అలా కలిపి మళ్ళీ పరీక్ష పెట్టాం. తాయి గుంట నీళ్ళలా ఉండిపోయింది. ముప్పై నాలుగు నీళ్ళలా ఉండిపోయింది. నేను పలక అంచు పట్టుకుని నిలబడ్డాను. రెండు వరసల అవతల అమ్మ గుంట ముందులాగే పసుపుగా ఉంది. ఉంటుందని తెలుసు, అయినా ఏ మూలో అది కూడా తేటబడుతుందేమోనని చూసినట్టున్నాను.

తర్వాత ఆ సన్న గీతను వదిలించే పని పట్టుకున్నాం. ఇమిడజోల్ కొంచెం కొంచెం పెంచి ముందుగా కడిగితే ఆ దొంగది పోయింది గాని, మనది కూడా సగం కొట్టుకుపోయింది. నికెల్ వల్లే చిక్కు, అది ఎవరు చెయ్యి అందించినా కాదనదు అంది తాయి. ఒక రోజు మందు పోసి గింజల మీది నికెల్‌నంతా కడిగేసింది. నీలం పోయి గింజలు అన్నం మెతుకుల్లా తెల్లబడ్డాయి. వాటి మీద కోబాల్ట్ నీళ్ళు పోసింది. పైనుంచి కిందికి గులాబీ రంగు మెల్లగా దిగుతుంటే ఇద్దరం వంగి చూశాం. కోబాల్ట్ ఎంపిక గట్టిదట, హిస్టిడిన్లు పక్కపక్కన సరైన వరసలో ఉంటేనే గాని పట్టు ఇవ్వదు. ఆ రోజు జెల్ మీద ఒక్క గీతే వచ్చింది. నా పుస్తకంలో మొదటిసారి ఒక్క గీత గీసి, కింద ఖాళీ వదిలాను.

పెద్దసారు ఇవన్నీ విని, మొదటి విడత వెళ్ళిపోనీ, తర్వాతవి ఇలా చేద్దాం అన్నాడు. తాయి సంతకం పెట్టనంది. గొంతు పెంచలేదు, వాదించలేదు, కాగితం ముందుకు జరిపితే వెనక్కి జరిపింది. ఒక పిల్ల తన పెట్టె సర్దుకుని మళ్ళీ విప్పుకుంది, అటువంటి ఇళ్ళు ఎన్నో నాకు తెలియకుండా ఉంటాయి, నేను పెట్టను అంది. మూడు రోజులు ఆ ఆఫీసులో ఎవరూ ఆమెతో మాట్లాడలేదు. నాలుగో రోజు ఆ పెట్టెలు ఆగిపోయాయి. దాని ఫలితం ఆమె మీద తర్వాత మెల్లగా పడింది.

ఆ శనివారం తాయి నాతో పాటు బస్సెక్కి భివండి వచ్చింది. ఇది నేనే చెప్పొచ్చు కదా అని అనుకున్నట్టు నా ముఖంలో కనిపించిందేమో, తప్పు చెప్పింది మన గది, కాబట్టి నేను కూడా రావాలి అంది. ఖోలీలో మళ్ళీ అదే చోట నేల మీద కూర్చుని, మేము తప్పు చెప్పాం, మీ చిన్నమ్మాయికి ఏమీ లేదు, నాకూ అలాగే వచ్చింది చూడండి అని తన మోచేతి దగ్గర సూది గుచ్చిన మచ్చ చూపించింది. నేను ఒక్కో మాటా తెలుగులో చెబుతూ పోయాను. అమ్మ విన్నది.

"మరి నాకు?"

నేను తాయిని అడగకుండానే, నీకుందమ్మా అన్నాను.

"నాకున్నదని నాకెర్కనే. దానికి లేదని ఈమె గట్టిగ చెప్తున్నదా?"

తాయికి తెలుగు రాదు. అయినా ఏమి అడిగిందో అర్థమైనట్టు, అమ్మ రెండు చేతులూ పట్టుకుని తల ఊపింది. అప్పటికే చెల్లె లేచి వెళ్ళింది. తొట్టిలో నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపించింది. అది తెచ్చి ముందు పెడితే అమ్మ అలవాటుగా కాలు వెనక్కి లాక్కుంది, మళ్ళీ తనే ముందుకు చాపింది. చెల్లె సబ్బు రాస్తుంటే నేను తాడు మీది మెత్తటి బట్ట తీసుకుని పక్కన కూర్చున్నాను. ఎవరూ నన్ను రమ్మనలేదు. కడగడం అయ్యాక ఆ పాదాన్ని ఒళ్ళోకి తీసుకుని తుడిచాను. నేను భయపడినట్టు ఏమీ లేదు. బరువుగా, వెచ్చగా ఉంది. అమ్మ నా వైపు చూడకుండా, గోడ మీది క్యాలెండర్ వైపు చూస్తూ అంది.

"సందులల్ల మంచిగ తుడువు. తడి ఉంటే మల్ల జరమొస్తది."

జూన్‌లో చెల్లె నర్సు చదువుకు వెళ్ళింది. భివండి రోడ్ స్టేషన్లో ఆగే బండ్లు తక్కువ కాబట్టి నాన్న ఆటోలో కళ్యాణ్ దాకా తీసుకెళ్ళి ఎక్కించి వచ్చాడు. ఆ సాయంత్రం నుంచి అమ్మ కాలు నా పని అయింది. ఠాణా నుంచి రాగానే స్వెట్టరు సంచీ కొక్కానికి తగిలించి, తొట్టి ముందు కూర్చునేదాన్ని. నేను పాటలు పాడలేను, అందుకని ఆ రోజు చలిగదిలో తాయి ఏం చెప్పిందో చెప్పేదాన్ని. అమ్మ కొంకణ్ మామిడి తోట గురించి ఎంత విన్నదంటే, తాను చూసి వచ్చినట్టు పక్కింటివాళ్ళకు చెప్పేది. పెళ్ళయ్యాక కూడా ఆ పని మానలేదు, పదకొండేళ్ళు అలా గడిచాయి. అమ్మ పోయిన తర్వాత కూడా చాలా రోజులు ఆ వేళకు నా చేతులు తడి కోసం వెతుక్కునేవి.

తాయి మాత్రం ఆ పెట్టెలు ఆగిన ఏడాదికే కంపెనీ విడిచిపెట్టింది. పొమ్మని ఎవరూ అనలేదు, చేసే పనులన్నీ ఒక్కొక్కటే ఆమె చేతిలోంచి తీసుకున్నారు. వెళ్ళే రోజు మఫ్లరు నాకు ఇచ్చి, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు గీస్తూ ఉండు అంది. కొన్నాళ్ళు ఉత్తరాలు వచ్చాయి. తర్వాత నేను రాసినవి రెండు వెనక్కి వచ్చాయి. ఆమె ఊరి పేరు తెలుసు, ఇంటి దారి తెలియదు. వెళ్ళి అడిగితే ఎవరైనా చెప్పేవారే. పిల్లలు, ఉద్యోగం, నాన్న జబ్బు అంటూ వెళ్ళలేదు. ఇప్పుడు వెళ్దామంటే, ఏం వినాల్సి వస్తుందోనని భయం.

శాంతి నగర్లో సాంచాలు సగం మూతపడ్డాయి. కాల్హేర్ వరిమళ్ళ మీద గోదాములు లేచాయి, బస్సు ఆ దారిన లారీల మధ్య గంటసేపు నిలబడుతుంది. కాలమ్‌లు కూడా నింపినవే వస్తాయట, చుక్కలను యంత్రమే సీసాల్లో పట్టుకుంటుందట, ఎవరూ పక్కన కూర్చోనక్కర్లేదట. మంచిదే. మా వేళ్ళు చలికి కొంకర్లు పోయిన సంగతి నేను మరిచిపోలేదు, ఆ చలి మళ్ళీ రావాలని కోరుకునేంత వెర్రిదాన్ని కాను.

కానీ కిందటి నెల మా పైఅంతస్తులో ఉండే ఆవిడకు ఏదో రక్తపరీక్ష ఫలితం ఫోనులోనే వచ్చింది. పెద్ద రోగం ఉన్నట్టు. మర్నాడు అదే చోటి నుంచి ఇంకో మెసేజ్, మొదటిది లెక్కలోకి తీసుకోవద్దని. ఏది నిజమో చెప్పమని రెండూ తెచ్చి నాకు చూపించింది. నేను ఆ నంబరుకు ఫోను చేస్తే, మరాఠీకి ఒకటి నొక్కండి, హిందీకి రెండు నొక్కండి అని యంత్రం చెప్పింది. అన్నీ నొక్కి చూశాను, మనిషి గొంతు ఒక్కటి పలకలేదు. బస్సెక్కి వచ్చి, నేల మీద కూర్చుని, మేము తప్పు చెప్పామమ్మా అనే మనిషి ఆవిడకు లేదు. అదేమి గొప్ప సంగతి అని ఈ కాలం పిల్లలు అడిగితే నాకు సరిగ్గా చెప్పడం కూడా రాదు. ఫోను పక్కన పెట్టి, మెట్ల మీద ఆవిడ పక్కన కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకున్నాను.